పదమూడిళ్ల థిర్జా

పందొమ్మిది వందల అరవై ఎనిమిది జనవరిలో, అడిలైడ్ వైపు జనవరంటే నడివేసవే, వడగాడ్పు ఊరంతటినీ పెనం మీద రొట్టెలా కాలుస్తున్న ఓ మంగళవారం పొద్దున, పొల్గార్త్ కౌన్సిల్ వాళ్లు పదమూడిళ్ల వరసలో ప్రతి తలుపుకీ ఒక కాగితం అంటించి పోయారు. ఎర్రటి అక్షరాలు. ‘ఈ ఇల్లు మనుషులు ఉండదగింది కాదు. ఏప్రిల్ నెలాఖరుకి ఖాళీ చెయ్యవలెను.’

నాలుగో ఇంటి థిర్జా నాన్కివెల్ మధ్యాహ్నం ఆస్పత్రి పని నుంచి వచ్చి దాన్ని చదివింది. ఆస్పత్రిలో దుప్పట్లు, గౌన్లు ఉతికి ఇస్త్రీ చేసేది ఆమే. ముప్ఫై ఏళ్ల నుంచీ అదే పని. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉడికిపోయి ఉండేవి. కాగితాన్ని రెండుసార్లు చదివి, లోపల్నించి కత్తి తెచ్చి, చిరక్కుండా అంచులు లేపి ఊడదీసింది. టోపీ పెట్టుకుని నేరుగా కౌన్సిల్ ఆఫీసుకి నడిచింది.

ఛైర్మన్ డగ్లస్ కిట్టో అక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఒకే బళ్లో, ఒకే తరగతిలో చదువుకున్నవాళ్లు.

“మీ కాగితం ఒకటి పొరపాటున మా తలుపుకి అంటుకుంది. ఇచ్చిపోదామని వచ్చా.”

“పొరపాటు కాదు థిర్జా. రోడ్డు వెడల్పు చేస్తున్నాం. మీ అందరికీ ఊరవతల కొత్త ఇళ్లు ఇప్పిస్తున్నాం. కుళాయి లోపలే, స్నానాల గది లోపలే. ఇంకేం కావాలి నీకు?”

“మనుషులు ఉండదగింది కాదని రాశారు. నేనందులో పుట్టాను, అందులోనే ఉన్నాను. మరి నన్నేమన్నట్టు?”

“నిన్ననలేదు, ఇంటినన్నాం. గోడలన్నీ చెమ్మకి ఉప్పు తేలి ఉప్పురిసి పోయాయి. చెయ్యి పెడితే రాలుతున్నాయి. ఇంజనీరు రాసిచ్చాడు.”

“గోడ ఎందుకు ఉప్పురిసిందో ఇంజనీరు రాశాడా?”

“పాతబడి.”

“పాతబడితే ఉప్పురుస్తుందా? అయితే నువ్వూ నేనూ ఈపాటికి ఉప్పురిసి రాలాలే,” అని కాగితం బల్లమీద పెట్టి వచ్చేసింది.

పదమూడిళ్లంటే రాగిగని నడిచే రోజుల్లో కూలీల కోసం కట్టినవి. ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకే కప్పు కింద, భుజం భుజం కలిపి నిలబడ్డట్టు ఉంటాయి. ముందొక గది, వెనకొక గది, పొయ్యి, గూడంత కిటికీ. రాయీ మట్టీ కలిపి లేపిన గోడలు, పైన సున్నం. సముద్రాల అవతల కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు సొంతూళ్లో ఎలా కట్టుకునేవాళ్లో ఇక్కడా అలాగే కట్టుకున్నారు. గని మూతపడింది. జనం చెదిరిపోయారు. కొండ మీద గని దొరగారి బంగళాకి మాత్రం కౌన్సిల్ ఏటేటా రంగులేయించి, వేసవిలో టీ విందులు పెట్టేది. ఊరి చరిత్ర అంటే ఆ బంగళాయే. పదమూడిళ్లు ఊరి సిగ్గు.

థిర్జా తండ్రి జేబెజ్ హోస్కింగ్ సున్నం కాల్చేవాడు. ఏటి అవతల వాళ్ల బట్టీ. ఆయనకి మగపిల్లలు లేరు. అందుకని ఈ పిల్లే రాళ్లు మోసింది, బట్టీ పేర్చింది, కాలిన రాళ్లని గోతిలో నీళ్లుపోసి విరిపించింది. కుతకుతమని ఉడికే సున్నం ముందు ఎంత దూరం నిలబడాలో, ఎన్నాళ్లు నానబెడితే వెన్నలా అవుతుందో ఆమెకి పదేళ్లకే తెలుసు. ఏటా వేసవి ముగిసేసరికి తండ్రీ కూతుళ్లు వరసంతటికీ వెల్ల వేసేవాళ్లు. “గోడ నీళ్లు తాగుతుంది, తప్పదు. తాగినవి చెమటోడ్చుకుని పోగొట్టుకుంటుంది. దాన్ని చెమటోడ్చనిస్తే చాలు,” అనేవాడాయన.

నలభై తొమ్మిదిలో ఎవరో పెద్దాయన రైల్లో వస్తున్నాడని, స్టేషన్నుంచి వచ్చే దారిలో కనపడేవి ఇవేనని, కౌన్సిల్ వాళ్లు పదమూడిళ్ల ముందు గోడలకి మందంగా సిమెంటు మెత్తించారు. గోడ మొదలు దాకా కాంక్రీటు కాలిబాట పోయించారు. జేబెజ్ అప్పటికి మంచంలో ఉన్నాడు. కిటికీలోంచి చూస్తూ, “గోడ నోరు మూసేస్తున్నారే అమ్మాయీ, పోయి చెప్పు,” అన్నాడు. థిర్జా వెళ్లలేదు. భర్త లెస్‌ది రైలు పట్టాల మీద పని, తనది ఆస్పత్రి పని, ఊళ్లో పెద్దవాళ్లతో గొడవెందుకని ఊరుకుంది. మరుసటేడు తండ్రి పోయాడు. ఇంకో రెండేళ్లకి పట్టాల దగ్గరే గుండె ఆగి లెస్ పోయాడు. పిల్లలు లేరు. సిమెంటు వెనక చెమ్మ ఏటేటా అంగుళం చొప్పున పైకి పాకుతూనే ఉంది. లోపలి గోడల మీద ఉప్పు తెల్లగా పువ్వులు పూసి రాలేది. రోజూ పొద్దున ఆ పొడి చీపురుతో ఊడ్చిపోస్తున్నప్పుడల్లా, ఆ రోజు ఎందుకు వెళ్లలేదా అని తనని తానే తిట్టుకునేది.

అదీ ఆమె కోపం. ఆ కోపంలో సగం కిట్టో మీదైతే, సగం తన మీదే.

ఫిబ్రవరిలో అయిదిళ్ల వాళ్లు కొత్తిళ్లకి వెళ్లిపోయారు. థిర్జా ఎవర్నీ తప్పుపట్టలేదు. వాళ్ల సామాన్లు బండికెత్తి, దారిలో తినమని మాంసం, దుంపలు పెట్టి కాల్చిన పేస్టీలు కట్టిచ్చి పంపించింది. మర్నాడు శనివారం. తండ్రి సుత్తీ ఉలీ తీసుకుని వీధిలోకొచ్చి, తన ఇంటి ముందు గోడకున్న సిమెంటు కొట్టడం మొదలుపెట్టింది.

పదో ఇంట్లో బర్ట్ నోస్కే అని రిటైరైన రైలు డ్రైవరు ఉండేవాడు. జర్మను తాతలవాడు, పెళ్లి చేసుకోలేదు, నోరు ఊరుకోదు. చప్పుడు విని పైజామాలోనే వచ్చాడు.

“ఏం థిర్జమ్మా, కౌన్సిల్ వాళ్ల పని నువ్వే చేసి పెడుతున్నావా?”

“గోడకి ఊపిరాడాలి బర్టూ. ఈ పెంకు ఊడదీసి, మొదట్లో కాలిబాట పగలగొట్టి కాలవ తీస్తా. ఎండాకాలమంతా ఆరనిచ్చి సున్నం కొడతా. అప్పుడు చూపిస్తా వాళ్లకి.”

“నీకు యాభై ఆరు.”

“గోడకి నూట ఇరవై. అది నిలబడలేదా?”

బర్ట్ తల గోక్కుని, లోపలికి పోయి, చొక్కా తొడుక్కుని, గడ్డపార పట్టుకొచ్చాడు.

సిమెంటు పలకలు పలకలుగా ఊడింది. వెనక రాయి తడిసి నల్లగా, చచ్చిన చేప చర్మంలా ఉంది. పదో రోజుకి అడుగునుంచి రెండడుగుల ఎత్తున ఆ నలుపు బూడిదరంగుకి తిరిగింది. థిర్జా దాన్ని వేళ్లతో తడిమి చూసి, పనిలోకి పోయింది. ఆ వారమే ఇద్దరూ ఏటి అవతల పాత బట్టీ బాగుచేసుకుని, మాలీ చెట్ల మొద్దులేసి సున్నపురాయి కాల్చారు.

కిట్టో కారులో వచ్చి దిగాడు.

“ఇది కౌన్సిల్ ఆస్తి. నువ్వు అద్దెకున్నదానివి. గోడ పగలగొట్టే హక్కు నీకెక్కడిది?”

“ఏప్రిల్లో మీరు మొత్తం కూలగొడతారు కదా. నేను ఓ రెండు నెలలు ముందు మొదలుపెట్టా. మీకు సాయమే.”

“హాస్యాలాడకు థిర్జా. కోర్టుకెళ్లాల్సొస్తుంది.”

“వెళ్దాం. నువ్వు బళ్లో నా పలక చూసి లెక్కలు దించుకునేవాడివి డగ్లస్. కోర్టులో నా పలక నీకు కనపడదు, చూసుకో.”

వీధిలో నిలబడ్డవాళ్లు నవ్వారు. కిట్టో చెవులు ఎర్రబడ్డాయి. అతను చెడ్డవాడు కాదు. రోడ్డు వెడల్పయితే లారీలొస్తాయని, లారీలొస్తే ఊరు బతుకుతుందని నమ్మినవాడు. కాని పదిమందిలో నవ్వులపాలైన మగవాడు వెనక్కి తగ్గడం కష్టం.

ఏప్రిల్ ఆఖరి వారంలో మేజిస్ట్రేటు ముందుకి రమ్మన్నారు. ఆయన ముసలాయన, మెత్తనివాడు.

“ఇకమీద ఆ గోడ జోలికి పోనని మాటివ్వండమ్మా. కేసు ఇక్కడితో కొట్టేస్తాను.”

“ఇవ్వలేనయ్యా. రేపు పొద్దున్నే ముట్టుకుంటాను. తెలిసి తెలిసి మీతో అబద్ధం చెప్పలేను.”

“లేకపోతే మిమ్మల్ని ఏడు రోజులు జైల్లో ఉంచాల్సొస్తుంది. అర్థమైందా?”

“అర్థమైంది. ఆస్పత్రిలో ఓ మాట చెప్పించండి. సోమవారం దుప్పట్లు ఎక్కువుంటాయి.”

అడిలైడ్ తీసుకెళ్లి ఆడవాళ్ల జైల్లో పెట్టారు. ఏ పని వచ్చని అడిగి, బట్టలుతికే చోట వేశారు. అక్కడి పడుచు ఖైదీలకి రక్తపు మరకలు చన్నీళ్లతోనే పోతాయని, వేణ్ణీళ్లు తగిలితే పట్టేస్తాయని నేర్పింది. ఎందుకొచ్చావని వాళ్లడిగితే, “నా ఇంటి గోడకి ఊపిరాడనిచ్చినందుకు,” అంది. వాళ్లు పిచ్చిదనుకున్నారు.

ఆ వారంలోనే ఏప్రిల్ ముగిసింది. మే ఒకటో తారీకున ఇళ్లు కూల్చే కౌన్సిల్ యంత్రం వచ్చింది. పదకొండు, పన్నెండు, పదమూడు ఖాళీగా ఉన్నాయి. గంటన్నరలో మూడూ నేలమట్టం. దుమ్ము చర్చి దాకా లేచింది. యంత్రం పదో ఇంటి ముందుకొచ్చేసరికి బర్ట్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, పక్కన స్టూలు మీద టీ కెటిలు పెట్టుకుని కూర్చున్నాడు. యంత్రం నడిపేవాడు అతని చెల్లెలి కొడుకు కోలిన్.

“లే మావయ్యా. నా ఉద్యోగం పోతుంది.”

“నేనెక్కడికి లేస్తాను? ఇది నా గుమ్మం. ముందు నన్ను తవ్వుకుని పో అల్లుడూ, తర్వాత ఇల్లు తవ్వుకో. ఇంతకీ టీ తాగుతావా?”

కోలిన్ యంత్రం ఆపి కిందికి దిగాడు. టీ తాగాడు. మళ్లీ ఎక్కలేదు.

ఏడు రోజులూ ముగిశాక థిర్జా రైలు దిగి నడుచుకుంటూ వచ్చింది. వరస చివర ఆకాశం కనిపిస్తోంది. ఎన్నడూ అక్కడ ఆకాశం కనిపించేది కాదు. పదకొండో ఇంటి పొయ్యి రాళ్ల మీద కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. తండ్రి పోయినప్పుడూ, భర్త పోయినప్పుడూ వీధిలో ఎవరూ ఆమె కన్నీళ్లు చూడలేదు. ఈసారి అందరూ చూశారు. కాసేపటికి లేచి ముక్కు తుడుచుకుని, “ఈ రాళ్లు మంచివి. ఎవరూ పట్టుకుపోకుండా లోపల పేర్చండి. పనికొస్తాయి,” అంది. మర్నాడు పొద్దున్నే, మేజిస్ట్రేటుతో చెప్పినట్టే, గోడ ముట్టుకుంది. ఈసారి సుత్తి ఒక్కటే మోగలేదు. కొత్తిళ్లకి వెళ్లిపోయినవాళ్లలో ముగ్గురు తిరిగొచ్చి సుత్తులు పట్టుకుని గోడల దగ్గర నిలబడ్డారు. ఒక ముసలామెని జైలుకి పంపి ఇళ్లు కూల్చారని అడిలైడ్ పత్రికల్లో రావడంతో, కౌన్సిల్ కూడా యంత్రాన్ని కొన్నాళ్లు కొట్టంలో పెట్టుకుంది.

జులైలో వానలు గట్టిగా పడ్డాయి. ఆగస్టులో ఒకనాడు, మొదట్లో గోడలు పనికిరావని రాసిన ఇంజనీరు, ఆష్‌వర్త్ అనే కుర్రాయన, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. చేతిలో చెమ్మ కొలిచే చిన్న పెట్టె.

“మిసెస్ నాన్కివెల్, మీరేమీ అనుకోకపోతే లోపలి గోడ ఒకసారి చూస్తాను.”

“చూడు నాయనా. కాళ్లు మాత్రం తుడుచుకుని రా.”

నాలుగో ఇంట్లో కొలిచాడు. సిమెంటు ఇంకా తియ్యని ఆరో ఇంట్లో కొలిచాడు. మళ్లీ నాలుగో ఇంటికొచ్చి ఇంకోసారి కొలిచాడు. ఆమె కుంకుమపువ్వు కేకు కోసి పెట్టింది. అతను తినకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

“ఆరో ఇంటి గోడ పిండితే నీళ్లొచ్చేలా ఉంది. మీది పొడిగా ఉంది. అదే రాయి, అదే మట్టి, అదే వాన.”

“అదే కౌన్సిల్ కూడానూ.”

అతను నవ్వలేకపోయాడు. “నాకు చదువులో సిమెంటు గురించి చెప్పారు. సున్నం గురించి ఎవరూ చెప్పలేదండీ.”

“నాకు సున్నం గురించే చెప్పారు. చెప్పినాయన మాట సమయానికి వినలేదు. నువ్వు నయం, ఆరు నెలలకే వచ్చావు. నాకు పందొమ్మిదేళ్లు పట్టింది. కేకు తిను.”

ఆష్‌వర్త్ కొత్త నివేదిక రాశాడు. గోడల జబ్బు గోడలది కాదని, కౌన్సిల్ పూసిన సిమెంటుదని, పోసిన కాంక్రీటుదని, తన మొదటి నివేదిక తప్పని రాసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత పొల్గార్త్ కౌన్సిల్ అతనికి పని ఇవ్వలేదు. సమావేశంలో ముగ్గురు కూల్చాలన్నారు, నలుగురు వద్దన్నారు. కిట్టో కూల్చాలన్నవాళ్లలోనే ఉన్నాడు. ఆఖరిదాకా మాట మార్చలేదు. రోడ్డు అవతలి పక్కకి వంపు తిరిగి పోయింది.

ఇక్కడితో అయిపోయిందని ఊరంతా అనుకుంది. థిర్జా కూడా అనుకుంది.

పదకొండేళ్లు గడిచాయి. పాత కట్టడాలని కాపాడాలన్న మాట పట్నంలో గట్టిగా వినపడసాగింది. ప్రభుత్వం చట్టం చేసింది. పదమూడిళ్లలో మిగిలిన పదీ కాపాడాల్సినవాటి జాబితాకెక్కాయి. అడిలైడ్ నుంచి మిసెస్ వెరిటీ లాంగ్‌ఫర్డ్ అని కమిటీ పెద్ద వచ్చింది. చదువుకున్నది, నిజంగా ఇష్టం ఉన్నది. నాలుగో ఇంట్లో అడుగుపెట్టి, పొయ్యి చూసి, జేబెజ్ వేసిన అటక చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

“మీ ఇల్లు అమూల్యం మిసెస్ నాన్కివెల్. దీనికి వెల కట్టలేం.”

“సంతోషం. టీలో పాలు పొయ్యనా?”

“అందుకనే కమిటీ ఒకటి నిర్ణయించింది. పదిళ్లనీ మ్యూజియం చేస్తాం. మీది ముఖ్యమైంది, ఏమీ మార్చకుండా ఉంచారు కాబట్టి. మీకు ఆస్పత్రి పక్కన చక్కటి ఫ్లాటు చూశాం. వెచ్చగా ఉంటుంది.”

థిర్జా పాలగిన్నె కింద పెట్టింది. “అంటే నన్ను ఖాళీ చెయ్యమంటున్నారు.”

“ఆదివారాలు మీరు రావచ్చు. పాతకాలం గౌనూ టోపీ కుట్టిస్తాం. రాట్నం ముందు కూర్చుంటే చూడ్డానికొచ్చినవాళ్లకి—”

“మా ఇంట్లో రాట్నం ఎప్పుడూ లేదు.”

“అది ఆ కాలం వాతావరణం కోసం.”

“ఆ ఫ్రిజ్ సంగతేమిటి?”

“అది తీసెయ్యాలి మరి. ఆ కాలంలో ఫ్రిజ్‌లు లేవు కదా.”

“ఉండుంటే మా నాన్న కొనేవాడే.” థిర్జా లేచి నిలబడింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, వీపు కొంచెం వంగింది, గొంతు వంగలేదు. “చూడమ్మా. పనికిరాదని ఒకసారి పొమ్మన్నారు. వెల కట్టలేనిదని ఇప్పుడు పొమ్మంటున్నారు. ఎటు తిరిగీ మీ కళ్లకి అడ్డం మేమే. దీన్ని కట్టింది కూలివాళ్లు కాపురం ఉండటానికి. పొయ్యి వెలగని ఇంట్లో చెమ్మ దిగుతుంది. మనిషి లేని గోడ మూడేళ్లలో చస్తుంది. బొమ్మలు పొయ్యి వెలిగిస్తాయా?”

మిసెస్ లాంగ్‌ఫర్డ్ ఆ మాటలు పుస్తకంలో రాసుకుని వెళ్లింది. అయినా కమిటీ నిర్ణయం కమిటీదే. నవంబరులో మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించడానికి రోజు పెట్టారు.

ఆ రోజు సోమవారం. పొద్దున ఎనిమిదింటికే థిర్జా వరస ఈ చివర్నుంచి ఆ చివరికి తాడు కట్టింది. పదిళ్లవాళ్లూ తలో చెయ్యీ వేశారు. దుప్పట్లు, పసిపిల్లల గుడ్డలు, బర్ట్ పొడుగు పైజామాలు, ఆడవాళ్ల లోబట్టలు, ఒక్కటి దాచకుండా ఆరేశారు. కౌన్సిల్ గుమాస్తా పరుగెత్తుకొచ్చి, “మిసెస్ నాన్కివెల్, ఇవాళ్టికి తీసెయ్యండి, ఫోటోలు తీస్తారు,” అని బతిమాలాడు.

“తడివి నాయనా. ఆరాక తీస్తాం.”

మంత్రిగారు కారు దిగి, గాలికి ఎగిరే బర్ట్ పైజామాల కిందనుంచి వంగి రావాల్సొచ్చింది. పత్రికలవాళ్లు ఫోటోలు తీస్తూనే ఉన్నారు. ఆయన రాజకీయాల్లో పండినవాడు. ఎటు నవ్వాలో తెలుసు. “ఇదేమిటమ్మా?” అనడిగాడు.

“చరిత్రండీ,” అంది థిర్జా. “వంద ఏళ్లకి పైగా ఇక్కడ ప్రతి సోమవారం ఇదే. రేపట్నించి ఉండదట. కమిటీవాళ్లు ఆపేస్తున్నారు. మీరు ఆఖరిది చూశారు.”

ఆయన ఓ క్షణం తాడుకేసి, ఓ క్షణం కెమెరాలకేసి చూశాడు. రిబ్బను కత్తిరించలేదు. కత్తెర జేబులో పెట్టుకుని, “ఇంకోసారి మాట్లాడుకుందాం,” అని టీ తాగడానికి నాలుగో ఇంట్లోకి వెళ్లాడు.

మాటలు ఏడాది పైన నడిచాయి. ఈలోగా ఖాళీ అయిన మూడిళ్లు మ్యూజియానికి పోయాయి, రాట్నంతో సహా. మిగతా ఏడూ కాపురాలకే ఉంచి, కూలిపని చేసుకునేవాళ్లకే అద్దెకివ్వాలని కాగితం మీద రాయించుకుంది థిర్జా. ‘బట్టలు ముందువైపు ఆరేసుకోవచ్చు’ అన్న ముక్క కూడా రాసేదాకా సంతకం పెట్టనివ్వలేదు. బర్ట్ ఆ కాగితం చూడకుండానే, నడుమ వచ్చిన చలికాలంలోనే పోయాడు. అతని పదో ఇల్లు మ్యూజియంలోకి వెళ్లింది. అదొక్కటే ఆమె ఒప్పుకున్న ఓటమి. ఆ గుమ్మం ముందు కమిటీవాళ్లు తాడు కడితే, అటువైపు వెళ్లినప్పుడల్లా దాన్ని విప్పేసి పోయేది.

మిసెస్ లాంగ్‌ఫర్డ్ తర్వాత చాలాసార్లు వచ్చింది. ఒకసారి సున్నం ఎలా విరిపిస్తారో చూపించమని అడిగి, కొత్త చేతితొడుగులు కాల్చుకుంది. “చెప్పా కదా దూరం నిలబడమని,” అని థిర్జా తిట్టింది. ఇద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేం గాని, ఒకరి మాట ఒకరు వినడం నేర్చుకున్నారు.

ఎనభై అయిదు చివర్లో థిర్జా చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఆ వేసవి వెల్ల వెయ్యడం ఆరో ఇంటి డెనీస్ వంతయింది. గొర్రెల బొచ్చు కత్తిరించేవాడి భార్య, ముగ్గురు పిల్లల తల్లి. థిర్జా వీధిలో కుర్చీ వేసుకుని కర్రతో చూపిస్తూ కూర్చునేది.

“చిక్కగా వేస్తున్నావు. పాలలా ఉండాలి, పెరుగులా కాదు.”

“ఇంత పల్చగా వేస్తే ఏం కనపడుతుంది ఆంటీ? నీళ్లు కొట్టినట్టుంది.”

“ఇప్పుడు కనపడదు. ఆరాక కనపడుతుంది. రేపు ఇంకో పూత, ఎల్లుండి ఇంకోటి.”

“కౌన్సిల్ వాళ్లు డబ్బా పెయింటు ఊరికే ఇస్తామంటున్నారు. ఒక్క పూతతో అయిపోతుందట.”

“ఇస్తామంటే తీసుకో. తీసుకుని వాళ్ల ఆఫీసుకే వేసి రా. ఊ, ఆ మూల వదిలేశావు, చూడు.”

డెనీస్ నవ్వి, మెట్ల నిచ్చెన జరుపుకుని ఆ మూలకి ఎక్కింది. థిర్జా ఆ ఏప్రిల్లో తన మంచంలోనే పోయింది, డెబ్బై అయిదేళ్లకి. మే నెలలో నాలుగో ఇంట్లోకి గనుల్లో పనిపోయిన ఒక కుటుంబం కాపురానికి దిగింది. కమిటీలో ఒకరిద్దరు ఆ ఇల్లయినా మ్యూజియానికి ఇవ్వమని అడిగి చూశారు. ఈసారి వద్దని లేచి చెప్పింది మిసెస్ లాంగ్‌ఫర్డ్.